పని చెప్పని చోటు

సంచిలో ముందు దుప్పటి పెట్టాను, తీసేశాను, మళ్ళీ పెట్టాను. రెండు జతల బట్టలు, తల మీద కప్పుకునే తెల్లగుడ్డలు, మోకాళ్ళకు రాసుకునే మందు సీసా, కళ్ళజోడు, అది విరిగితే ఉంటుందని పాత కళ్ళజోడు, దువ్వెన, తస్బీహు పూసలు. ఇంకా ఏదో మర్చిపోతున్నాను. ఎప్పుడూ ఏదో ఒకటి మర్చిపోతాను, బండి మలుపు తిరిగాక గుర్తొస్తుంది, అదీ ఉండిపోయినవాళ్ళకే గుర్తొస్తుంది, వెళ్ళినవాళ్ళకు రాదు. కోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది, నవ్వు ఆపుకుంటోందని దాని బుగ్గలే చెబుతున్నాయి. "అత్తయ్యా, టార్చిలైటు కూడా పెట్టమంటారా? దారిలో చీకటి పడుతుందేమో." పడితే పడనీ. నా ప్రయాణం ఈ ముందుగది నుంచి లోపలి గది మూలకి. మధ్యలో ఒక గుమ్మం, ఒక నీళ్ళ బిందె, మనవరాలు విప్పి పడేసిన చెప్పులు. అంతే దూరం. ఆ కాస్త దూరం వెళ్ళడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది, కోడలికి ఆ సంగతి తెలుసు, అందుకే నవ్వు ఆపుకుంటోంది, లేకపోతే పైకే నవ్వేసేది.

రంజాన్ నెల చివరికి వచ్చింది. ఈ పొద్దు గుంకే లోపల ఆ మూలలో కూర్చోవాలి, పండగ నెలవంక కనబడేదాకా అక్కడే తినాలి, అక్కడే పడుకోవాలి, అక్కడే నమాజు. ఏతికాఫ్ అంటారు. మగవాళ్ళు మసీదులో కూర్చుంటారు, ఆడవాళ్ళకు ఇంట్లో నమాజుకని విడిగా ఉంచుకున్న చోటే మసీదు. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకోవడానికీ, కాలకృత్యాలకూ తప్ప అడుగు బయట పెట్టకూడదు, పెడితే భంగమైపోతుంది. ఎవరైనా తలుపు తడితే తీయడానికి వెళ్ళకూడదు. అదీ అసలు సంగతి. భర్త అనుమతి ఉండాలి కాబట్టి నిన్న అడిగాను. మా ఆయన కుట్టు మిషను మీద వంగి ఉన్నారు. పండగ ముందు దర్జీకి తల ఎత్తే తీరిక ఉండదు, చూపు సగం పోయినా ఆ చేతులకు బట్ట తెలుసు. "అడుగుతున్నావా, చెబుతున్నావా?" అన్నారు. అడుగుతున్నానన్నాను. "వద్దంటే?" వద్దనరు అన్నాను. "మరింక అడగడం దేనికి? సరే, వెళ్ళిరా. నా కళ్ళజోడు ఎక్కడుందో చెప్పి వెళ్ళు." కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది. చెప్పలేదు. తడుముకుని తడుముకుని తెలుసుకున్నాక ఎటూ నన్నే తిడతారు, ఆ తిట్టు లోపలికి వినిపిస్తే బాగుంటుంది, ఒక్కదాన్నే ఉన్నట్టు ఉండదు.

సాయంత్రపు అసర్ నమాజు అయింది. ఎండ గోడ మీద సగానికి జారింది. ఉపవాసం రోజు ఈ వేళ ఇల్లంతా ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది, వంటింట్లో గిన్నె పెట్టినా మెల్లగా పెడతారు, పిల్లలు కూడా గొంతు తగ్గిస్తారు. దాహానికి నాలుక అంగిలికి అంటుకుంటోంది. నాకు దాహం కన్నా భయం ఎక్కువగా ఉంది. దేని భయమో చెప్పలేను. మూల భయమేమిటి? అక్కడ ఏముంది, ఒక తెర, ఒక చాప, దాని మీద జానమాజు, అంటే నమాజు చేసుకునే గుడ్డ, ఎత్తున ఒక చిన్న కిటికీ. మా అత్తగారు కాపురానికి వచ్చిన కొత్తలో ఎంచుకున్న చోటు అది. ఇంత చిన్న ఇంట్లో అంత నేల ఊరికే వదిలేస్తారా అని చుట్టాలంతా ఆశపడ్డారు. బియ్యం బస్తా అక్కడ పెట్టబోయారు, ఊయల కట్టబోయారు, మా ఆయన రెండో మిషను కొన్నప్పుడు కొలతలు కూడా తీసుకున్నారు. ఆవిడ దేనికీ ఒప్పుకోలేదు. "ఇంట్లో ప్రతి మూలకీ పని చెబుతున్నారు కదా, ఈ ఒక్క చోటుకి చెప్పకండి" అనేవారు. "పని చేసి చేసి వచ్చిన మనిషి కూలబడడానికి, పని లేని చోటు ఒకటుండాలి." పదిమంది తొక్కే ఇంట్లో ఆ కాస్త నేల ఎవరిదీ కాదు. అక్కడ కోడలు కోడలు కాదు, అత్త అత్త కాదు, నుదురు ఆనించినంతసేపు అందరూ ఒకే ఎత్తు. మనిషి పోయినప్పుడు ఆమె నమాజు చేసిన చోటు ఏడుస్తుందట. అత్తగారు పోయిన రోజు నేను అక్కడికి వెళ్ళి అరచెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. నేల ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, అయినా పెట్టి చూశాను.

ఆ చోటు గది గోడలకు తిన్నగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. అది మా తమ్ముడి నిర్వాకం. అమ్మ పోయేటప్పటికి వాడు పాకుతున్నాడు, నాకు నా జడ నేను వేసుకోవడం అప్పుడే వచ్చింది. నా పెళ్ళికి వాడూ నాతో పాటే ఈ ఇంటికి వచ్చాడు, కోడలితో పాటు బావమరిది ఉచితం అని మా ఆయన తరఫు చుట్టాలు వేళాకోళం చేశారు. అందరూ వాణ్ణి పిడుగు అనేవాళ్ళు. పిడుగు పడని ఇల్లు లేదు మా వీధిలో, పగలని కిటికీ అద్దమూ లేదు. మీసం వచ్చాక ఓడలకు రంగులు వేసే పనిలో చేరాడు. ఓడ పక్కన తాళ్ళతో వేలాడగట్టిన బల్ల మీద కూర్చుని, తుప్పు గీకి, రంగు పూసే పని. కింద నీళ్ళు. "భయం వెయ్యదురా?" అంటే, "నువ్వు ఇక్కడ నా వంతు కూడా కలిపి భయపడుతున్నావు కదక్కా, ఇంక నాకెందుకు?" అనేవాడు. మొదటిసారి తిరిగి వచ్చినప్పుడు నాకు శాలువా, బావకి కత్తెర, తనకి ఒక దిక్సూచి తెచ్చుకున్నాడు. దాన్ని తీసుకెళ్ళి ఆ మూల నేల మీద పెట్టి, అటు చూసి ఇటు చూసి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "అక్కా, ఇన్నాళ్ళూ మనం మక్కా ఉన్న ఖిబ్లా వైపు కాదు, పక్కింటి వాళ్ళ వంటింటి వైపు సజ్దా చేస్తున్నాం!" అత్తగారి ముఖం పాలిపోయింది. ఇన్నేళ్ళ నమాజులు ఏమైనట్టు అని అడిగారు ఆవిడ. వాడు నవ్వు ఆపి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "తెలియక చేసినవి ఎక్కడికీ పోవమ్మా, పైవాడి లెక్కలో ఉంటాయి. తెలిశాక కూడా గోడ మాటే వింటేనే తప్పు." వాడే మా ఆయన పెట్టెలోంచి దర్జీ సుద్ద తీసుకుని నేల మీద ఏటవాలుగా గీత గీశాడు. తర్వాత ఎప్పుడో నేలకు బండలు వేయించినప్పుడు ఆ గీత మీదే ఒక నల్లబండ వంకరగా వెయ్యమన్నాను, మేస్త్రీ ఎంత చెప్పినా వినడే. "వంకర పని చేశానని నా పేరు పోతుందమ్మా" అన్నాడు. నీ పేరు నేను నిలబెడతాలే అని మా ఆయన చెప్పాల్సొచ్చింది.

ఆ మూల నుంచి వాకిలి కనబడదు. అందుకే నేను అక్కడ నమాజు మానేశాను. మానేశాను అంటే నమాజు కాదు, ఆ చోటు. వాడు చివరిసారి వెళ్ళేముందు రెండు రకాతుల ప్రయాణ నమాజు చేసుకున్నది అక్కడే. నేను ఇక్కడ ముందుగదిలో వాడి సంచి సర్దుతున్నాను, వాడు లోపల నుదురు నేలకు ఆనించి సజ్దాలో ఉన్నాడు, తెర కింద నుంచి అరికాళ్ళు కనబడుతున్నాయి, మడమలకు ఎర్ర రంగు, ఎంత రుద్దినా పోని రంగు. లేచి వచ్చి సంచి ఎత్తి చూసి, "ఇంత బరువేంటక్కా, నువ్వు కూడా లోపల దూరావా?" అన్నాడు. వెళ్ళొస్తానన్నాడు. తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ ఇంకేదో అన్నాడు, మా పెద్దపిల్ల అప్పుడే బడికి వెళ్ళనని ఏడుపు మొదలుపెట్టింది, నాకు వినిపించలేదు, ఏమన్నావురా అని అడుగుదామనుకునేలోపు వీధి మలుపు తిరిగిపోయాడు. ఏమని ఉంటాడు? పెద్ద మాటేమీ అయి ఉండదు. తలుపు వేసుకో అని ఉంటాడు. ఆ రోజు నుంచి నా జానమాజు ముందుగదిలోకి వచ్చేసింది, తలుపు పక్కకి. నమాజు చివర కుడి భుజం వైపు ఒక సలాం, ఎడమ భుజం వైపు ఒక సలాం, రెండు వైపులా దేవదూతలుంటారట. ఎడమవైపు తల తిప్పినప్పుడల్లా నా చూపు తలుపు గడియ మీద పడేది. పాపం ఆ దేవదూత. ఇన్నేళ్ళు నా సలాం ఆయనకి సరిగ్గా అందే ఉండదు.

ఆ చలికాలంలో ఓడ కంపెనీ మనిషి ఒకాయన వచ్చాడు. బూట్లు బయట విప్పి లోపలికి వచ్చాడు, ఆ మర్యాద చూసే నాకు అర్థమైంది, చెడ్డ కబురు తెచ్చినవాళ్ళే అంత మెల్లగా బూట్లు విప్పుతారు. తెల్లవారుజామున పనిలోకి దిగిన మనిషి హాజరు పిలిచేటప్పటికి లేడమ్మా, వెతికించాం, కనబడలేదు అన్నాడు. ఆ వారంలోనే మా ఆయన నమూనాలకు కత్తిరించే పాత వార్తాపత్రికలు తీసి నేను అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెట్టాను, ఎవరూ నేర్పలేదు. ఎక్కడైనా ఓడల కబురు ఉంటుందేమో, ఏ రేవులోనైనా దారితప్పిన మనిషి దొరికాడని ఉంటుందేమో అని. వార్తలన్నీ చేతుల ఆకారంలో, కాలర్ల ఆకారంలో ఉండేవి, సగం వాక్యం ఒక చొక్కాలోకి వెళ్ళిపోయి ఉండేది. అలాగే చదవడం వచ్చింది నాకు. ఇప్పటికీ ఏ పుస్తకం చదివినా పేజీ చివర గుండె ఆగుతుంది, మిగతాది ఉంటుందో ఉండదో అని.

వాడి కోసం ఏ దువా చెయ్యాలో తెలియక మసీదు ఇమాం గారిని అడిగించాను. బతికున్నవాళ్ళకు ఒక దువా, చల్లగా చూడు, క్షేమంగా తీసుకురా. పోయినవాళ్ళకు ఇంకొకటి, క్షమించు, సమాధిలో వెలుగు నింపు. వాణ్ణి ఏ వరసలో నిలబెట్టను? ఆయన మా ఆయనతో చెప్పి పంపారు, కనబడకుండా పోయినవాడి ఈడువాళ్ళు ఊళ్ళో ఒక్కరు బతికున్నా వాడు బతికున్నట్టే ఎంచాలని పూర్వం పెద్దలు రాశారట. వాళ్ళంతా వెళ్ళిపోయాకే వాడూ వెళ్ళిపోయినట్టు. ఆ మాట విని నాకు ఎంత ధైర్యం వచ్చిందంటే ఆ పూట అన్నం తిన్నాను. వాడి ఈడువాళ్ళు వీధి నిండా ఉన్నారు, అందరూ కుర్రాళ్ళు, రాళ్ళు తిని అరిగించుకునేవాళ్ళు. కానీ కుర్రాళ్ళు ఎంతకాలం కుర్రాళ్ళుగా ఉంటారు? ఒకడికి జుట్టు ఊడింది, ఒకడికి షుగరొచ్చింది, ఒకడు లారీ కింద పడ్డాడు, ఒకడు నిద్రలోనే పోయాడు. ఎవరు పోయినా నేను ఏడ్చిన ఏడుపు చూసి, ఈవిడకి ఎంత అభిమానమో అనుకునేవాళ్ళు జనం. చివరికి మా వీధి మొదట్లో ఉన్న సెలూనాయన ఒక్కడే మిగిలాడు, వాడి జతగాడు, ఇద్దరూ కలిసే కిటికీలు పగలగొట్టారు.

ఆయన దగ్గితే నాకు నిద్ర పట్టేది కాదు. కషాయం కాచి పంపేదాన్ని, సిగరెట్లు మానమని మనవరాలితో కబురు పెట్టేదాన్ని, చలికాలం వస్తే మా ఆయనతో మఫ్లరు కుట్టించి ఇచ్చేదాన్ని. ఒకరోజు నేనే వెళ్ళి సెలూను మెట్టు మీద కూర్చుని, డాక్టరు దగ్గరికి వెళ్ళావా లేదా అని నిలదీశాను. గడ్డం గీయించుకుంటున్న మనిషి ముఖం మీద నురగతోనే నా వంక చూశాడు. సెలూనాయన కత్తి తుడుచుకుంటూ నవ్వాడు. "అక్కా, నా పెళ్ళానికి కూడా నా ఊపిరితిత్తుల మీద ఇంత ప్రేమ లేదు. నాకు తెలుసులే ఎందుకో. నేను పోతే వాడు పోతాడు, అంతేగా? సరే, వాడి కోసం ఇంకొన్నాళ్ళు లాగిస్తా." లాగించాడు కూడా. మాట మీద నిలబడ్డాడు. మంచం పట్టాక చూడడానికి వెళ్తే, నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇంక నా వల్ల కాదక్కా." ఇద్దరు మనుషుల బతుకు మోస్తున్న మనిషి బరువు దించడానికి అనుమతి అడిగినట్టు అడిగాడు. నేను ఏమన్నాను? పడుకో నాయనా అన్నాను. రంజాన్ నెలవంక ఇంకా కనబడక ముందు, పోయిన నెలలో పోయాడు.

"పొద్దు వాలుతోంది అత్తయ్యా." అవును, ఎండ గోడ దిగి నేల మీదకు వచ్చేసింది. కోడలు సంచి అందుకుంది. "మీరు నడవండి, సామాను నేను తెస్తా, కూలీ తర్వాత మాట్లాడుకుందాం." నడిచాను. గుమ్మం దగ్గర ఆగిపోయాను. మా ఇంట్లో ఒక అలవాటు ఉంది, ఎవరు నేర్పారో తెలియదు, తలుపు చప్పుడైతే చాలు, తీసినవాళ్ళు లోపలికి వినబడేలా కేకేసి చెబుతారు. పాలతనే! పక్కింటావిడే! కరెంటు బిల్లతనే! నేను పరుగెత్తుకు రాకుండా, గుండె దడతో కింద పడకుండా. మా ఆయన మొదలుపెట్టారు, కొడుకు అందుకున్నాడు, కోడలు వచ్చిన వారంలోనే నేర్చుకుంది, ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు, ఇప్పుడు మనవరాలు కూడా అరుస్తుంది. నా వయసంతా వాడు కానివాళ్ళ పేర్లే విన్నాను. కోడలి భుజం పట్టుకుని చెప్పాను. "ఇదిగో, నేను లోపలున్నన్నాళ్ళూ ఎవరొచ్చినా నాకు చెప్పొద్దు." అది ముందుగదిలోకి, మిషను వైపు చూసింది. మిషను ఆగింది. "అలాగే" అన్నారు మా ఆయన. మిషను మళ్ళీ కదిలింది, కానీ బట్ట లేకుండా తొక్కుతున్నారు, ఆ చప్పుడు నాకు తెలుసు.

తెర వెనక్కి వచ్చాను. ఎంత చిన్న చోటు. కాళ్ళు చాపితే గోడ తగులుతుంది. నల్లబండ మీద జానమాజు ఏటవాలుగా పరిచి ఉంది, దాని మీద కూర్చుంటే గది అంతా వంకరగా ఉన్నట్టూ నేనొక్కదాన్నే తిన్నగా ఉన్నట్టూ అనిపిస్తుంది. సంకల్పం చెప్పుకున్నాను. చెప్పుకున్నాక తెలిసింది భయం దేనికో. ఇక్కడ ఎదురుచూడడానికి ఏమీ లేదు. ముందుగదిలో నాకు తలుపు ఉండేది, ఇక్కడ ఉన్నదల్లా ఒక వైపు, అంతే, దిక్కు మాత్రమే. అత్తగారు ఇక్కడ గంటలు గంటలు ఏం చేసేవారో అనుకునేదాన్ని. ఏమీ చేసేవారు కారు. అడగాల్సినవన్నీ అడిగేశాక, ఇంక అడగడానికి ఏమీ లేనప్పుడు కూడా లేవకుండా కూర్చునేవారు. బస్సు వచ్చేదాకా కూర్చునే కూర్చోవడం కాదు. ఇల్లు చేరాక కూర్చునే కూర్చోవడం. కిటికీలో వెలుగు పలచబడుతోంది. ఎక్కడో పిల్లలు అజాన్ కోసం చెవులు రిక్కించి నిలబడి ఉంటారు. అజాన్ వచ్చింది. తెర కింద నుంచి కోడలి చెయ్యి ఖర్జూరం, నీళ్ళ గ్లాసు లోపలికి జరిపింది. నీళ్ళు గొంతు దిగాయి. మగ్రిబ్ నమాజు నిలబడి మొదలుపెట్టి మోకాళ్ళు మొరాయిస్తే కూర్చుని ముగించాను. కుడి సలాం. ఎడమ సలాం. ఎడమవైపు గోడ ఉంది, ఉత్త గోడ. ఆ దేవదూతకి అందింది ఈసారి.

అప్పుడు తలుపు తట్టారు.

ఒకసారి, ఆగి రెండుసార్లు. సరిగ్గా ఉపవాసం విడిచే వేళ ఎవరు వస్తారు? చెయ్యి దానంతటదే నేల మీద ఆనింది, ఒక మోకాలు లేచింది, నేను లేవలేదు, మోకాలే లేచింది. కోడలి అడుగులు. గడియ. మగగొంతు, బొంగురు గొంతు, వయసైన గొంతు, ఏదో అడుగుతోంది. కోడలు ఏదో అంది. ఆ మనిషి నవ్వాడు. వాడు ముసలివాడైతే గొంతు ఎలా ఉంటుంది? నేను ఎప్పుడూ ఆలోచించలేదు, నా చెవుల్లో వాడి గొంతుకు మీసం అప్పుడే వచ్చింది. కేకేసి అడగొచ్చు, మాట్లాడితే ఏతికాఫ్ పోదు, ఎవరే అంటే చాలు. మా ఆయన దగ్గు వినిపించింది, చెప్పడానికి నోరు తెరిచి మింగేసిన దగ్గు. తలుపు మూసిన చప్పుడు. ఆ అడుగులు వీధిలోకి వెళ్ళిపోతున్నాయి. ఇల్లంతా నా కేక కోసం చూస్తోంది. నేను మోకాలిని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా కిందికి దించాను, పసిపిల్లను పడుకోబెట్టినట్టు.

చేతులు చాపాను. ముందు బతికున్నవాళ్ళు, మా ఆయన కళ్ళు, కొడుకు, కోడలు, కూతుళ్ళు, మనవరాలి చదువు. ఇక్కడ వాడి వంతు. నాలుక అలవాటు కొద్దీ క్షేమంగా అనబోయింది. ఆపాను. వాణ్ణి చెయ్యి పట్టుకుని వరస దాటించాను. అమ్మా, నాన్నా, అత్తగారూ, మామగారూ, సెలూనాయనా, ఆ పక్కన వాడు. క్షమించు అన్నాను, చిన్నవాడు, అల్లరి తప్ప ఏమీ తెలియదు. సమాధిని విశాలం చెయ్యమని అడుగుతారు పోయినవాళ్ళకు. అడగబోయి ఆగాను. సముద్రాన్ని ఇంకెంత విశాలం చెయ్యమంటాను? వెలుగు మాత్రం అడిగాను. లోతుకు వెలుగు అందదట, నేను చదివాను, నీ వెలుగు అందుతుంది అన్నాను. పైవాడికి తెలియనిది కాదు, నాకూ తెలియనిది కాదు, కానీ ఇంతవరకూ నా నోటితో చెప్పలేదు, నుదురు నేలకు ఆనించి చెప్పాను. మా తమ్ముడు మా పెద్దపిల్ల బడిలో చేరిన ఏడాది, వానలు మొదలైన వారంలో ఓడ పనికి వెళ్ళాడు. ఆ ఏడాది చలికాలంలో ఒక తెల్లవారుజామున నీళ్ళలో పడి చనిపోయాడు. తిరిగి రాలేదు.